ప్రజానాట్యమండలి: జానపద కళల ఉమ్మడి వేదిక

తెలుగునాట వేర్వేరు జానపద కళారూపాలను, పాటను, నాటకాన్ని ఒకే వేదిక మీదికి తెచ్చిన సాంస్కృతిక సంస్థ ప్రజానాట్యమండలి. 1943 మేలో బొంబాయిలో భారత ప్రజా నాట్య సంఘం (ఇప్టా) ఏర్పడింది. అదే ఏడాది ఆంధ్రలో ప్రజానాట్యమండలి మొదలైంది. డాక్టర్ గరికపాటి రాజారావు దానికి సారథి.

నేపథ్యం

అంతకుముందు పల్లెల్లో ఏ కళ ఏ కులానిదో ముందే తెలిసిపోయేది. శివకథలు జంగాలవి, సుద్దులు గొల్లలవి. తోలుబొమ్మలాట తరతరాలుగా ఆడించే కుటుంబాలకే పరిమితం. మండలి ఈ కళలను కులవృత్తి గిరి దాటించింది. బుర్రకథ, గొల్లసుద్దులు, వీధిభాగవతం, పగటివేషాలు ఒకే రాత్రి ఒకే పందిట్లో సాగే వీలు కలిగింది.

బుర్రకథ

జంగం కథ నుంచి ఎదిగిన బుర్రకథకు ముగ్గురు కావాలి. నడుమ కథకుడు తంబుర మీటుతూ, వేళ్లకు తొడిగిన అందెలతో తాళం వేస్తూ కథ నడుపుతాడు. చెరో పక్క వంతలు గుమ్మెటలు వాయిస్తారు. ఒకరు హాస్యం పండిస్తే, మరొకరు కథను నాటి రాజకీయాలకు ముడిపెడతారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ (1920–1997) తాను నేర్చిన శాస్త్రీయ సంగీతాన్ని ఈ కథనానికి జోడించాడు. మోటూరి ఉదయం నాయకత్వంలో మహిళలూ దళంగా బుర్ర పట్టారు.

సరిహద్దు సీమ

వత్సవాయి, జగ్గయ్యపేట, నందిగామల మెట్టసీమ అప్పట్లో మద్రాసు రాష్ట్రానికీ నిజాం సంస్థానానికీ సరిహద్దు. పొలిమేర దాటితే దొరల పాలన. ఆ అవతలి రైతుల పోరాటాన్నే సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో ‘మా భూమి’ నాటకంగా రాశారు. మండలి దళాలెన్నో దాన్ని ఊరూరా ఆడాయి. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1948 తర్వాతి ప్రభుత్వ నిర్బంధంలో మండలి దళాలు చెదిరిపోయాయి.

సమకాలీన ప్రపంచం

అమెరికాలోనూ ఇలాంటి కలయిక ఆ కాలంలోనే మొదలైంది. 1938 డిసెంబరు 23న న్యూయార్క్ కార్నెగీ హాల్లో జాన్ హామండ్ ఏర్పాటు చేసిన కచేరీలో బ్లూస్ గాయకుడు బిగ్ బిల్ బ్రూంజీ, హార్మోనికా వాద్యకారుడు సానీ టెర్రీ భక్తి గీతాల బృందాలతో, జాజ్ విద్వాంసులతో వేదిక పంచుకున్నారు. 1959లో తొలి న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో పీట్ సీగర్‌తో పాటు సానీ టెర్రీ, బ్రౌనీ మెక్‌గీ పాడారు. అక్కడ శ్రోతలు కళాకారుల దగ్గరికి వెళ్లారు. ఇక్కడ కళాకారులే శ్రోతల వాకిళ్లకు నడిచారు.

వారసత్వం

రాజారావు 1953లో ‘పుట్టిల్లు’ చిత్రం తీశాడు. 1954లో వచ్చిన ‘అగ్గిరాముడు’లో నాజర్ బుర్రకథ వినిపించింది. మండలి నటుడు మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి ‘తెలుగువారి జానపద కళారూపాలు’ గ్రంథం రాశాడు. నాజర్‌కు 1986లో పద్మశ్రీ దక్కింది. ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’, ఆయన పుట్టిన దూదేకుల కులానికి మరో పేరు. జంగాల కథ ఒక పింజారి గొంతులో తెలుగువారందరి కథ అయింది. మండలి సాధించిన మార్పుకు అంతకు మించిన సాక్ష్యం లేదు.