కొండమీద బైసికిలు



క్రింద చక్కని తారుబాట యుండగా, బైసికిలును కొండమీదికి నెట్టుకొనిపోయి, ఱాళ్ళమీదుగా దానిపై దిగివచ్చు మనుష్యుని జూచినచో మీరేమందురు? వానికి పనిలేదని యందురు. మన యూళ్ళలో బైసికిలనగా పాలబిందెలు మోయునది, తపాలా తెచ్చునది, బిడ్డను బడికి దింపునది. పనికొఱకు పుట్టిన వస్తువును ఆటకు వాడుట యేల యని మీ ప్రశ్న. ఆ యాటలో నెవరి కేమి దొరకుచున్నదో పరదేశముల చరిత్రలో వెదకి, దొరికినంతవఱకు మీకు విన్నవింతును.

అంతకు ముందు నా బాల్యపు సంగతి యొకటి చెప్పవలయును. నాకు పదునాలుగేండ్ల ప్రాయమున, నేనును నా సహాధ్యాయు లిరువురును గంటకు పావలా చొప్పున మూడు బైసికిళ్ళు అద్దెకు దెచ్చి, మా యూరి కొండమీది గుడికి బోవు బండిబాట వెంట నెట్టుకొనిపోయితిమి. ఎక్కుటకే గంట పట్టెను. మా పావలాలు అక్కడనే తీఱిపోయినవి. దిగుటకు నాకు మూడు నిమిషములైనను పట్టలేదు. ఆ మూడు నిమిషములలో నేను పొందినది సంతోషమో భయమో నేటికిని నాకు తెలియదు. రెండును గలిసినదే కావచ్చును. నా మిత్రులలో నొకడు దిగుటకే యిష్టపడక, గుడివెనుక నీటిదొన చెంత చాలసేపు గూర్చుండి, పిమ్మట బైసికిలును చేతబట్టుకొని నడచి దిగెను. అందఱికంటె తానే సుఖపడితినని వాడు చాలకాలము వాదించెను. రెండవవాని బైసికిలు గొలుసు నడుమదారిలో తెగెను. వాడొక ఱాతిని సుత్తిగా జేసికొని దానిని గూర్చుటలో మునిగి, నేను వాని ప్రక్కనుండి రివ్వున పోయినను తలయెత్తలేదు. ఇంటికి వచ్చినపుడు వాని ముఖమున నున్న వెలుగు మాకెవరికిని లేదు. నా దిగుడు మాత్రము కొండ మొదటి మలుపున వేఱొక విధముగా ముగిసినది. ఆ సంగతి తరువాత చెప్పెదను.

కొండబాటల వెంట బైసికిలు త్రొక్కిన తొలివారిలో సైనికులు గలరు. 1897వ సంవత్సరమున అమెరికా సైన్యములోని 25వ పదాతిదళమునకు చెందిన ఇరువదిమంది నల్లజాతి సైనికులు, లెఫ్టినెంటు జేమ్సు మాస్ అను తెల్ల యధికారి వెంట, మాంటానాలోని మిసూలా కోటనుండి బయలుదేఱి, జూన్ 14 మొదలు జూలై 24 వఱకు 41 దినములలో 1900 మైళ్ళు పోయి సెయింట్ లూయిస్ నగరము చేరిరి. దారిలో పర్వతములపై మంచు, చక్రముల కంటుకొను జిగటమన్ను, నెబ్రాస్కాలో ఇసుక. గుఱ్ఱమునకు బదులు బైసికిలు యుద్ధమునకు పనికివచ్చునా యని చేసిన పరీక్ష యది. పరీక్ష ముగియగానే వారిని రైలుపై వెనుకకు బంపిరి. ఆజ్ఞకు లోబడి త్రొక్కినది గనుక దీనిని వేడుకల లెక్కలో జేర్చుట న్యాయము గాదు.

కోరి కష్టము కొనితెచ్చుకొన్నవాడు రాబిన్సన్ అను ఇంగ్లీషువాడు. ఈయన 'వేఫేరర్', అనగా బాటసారి యను మాఱుపేరుతో బైసికిలు పత్రికలో వ్రాయుచుండెడివాడు. 1919లో ఈయన మిత్రులతో గూడి, వేల్సుదేశమున బెర్విన్ కొండలను మంచులో, బైసికిలును నెట్టుకొనుచు మోసికొనుచు దాటి, ఆ కథను ప్రకటించెను. అట్టి దారుల మీది మక్కువ ఆ దేశమున నిలిచియుండెను. 1955లో లెమ్‌స్టర్ పట్టణమున కొందఱు సమావేశమై 'రఫ్ స్టఫ్ ఫెలోషిప్' అను సంఘము నేర్పఱచుకొనిరి. మొరటుదారుల మిత్రమండలి యని మనము చెప్పుకొనవచ్చును. వీరికి వేగముతో పనిలేదు. కంచె యడ్డమైన బైసికిలును దానిపైనుండి యందించుకొందురు. వాగు వచ్చిన భుజమున వేసికొందురు. ఎత్తైన చోట గూర్చుండి టీ కాచుకొందురు. నీటిదొన చెంత గూర్చున్న నా మిత్రుడు ఆ దేశమున బుట్టియుండినచో తప్పక ఈ మండలిలో సభ్యుడై యుండును.

ఇక కాలిఫోర్నియాకు పోవుదము. నేడు లోకమంతట 'మౌంటెన్ బైక్' అను పేర చెల్లుచున్న కొండబైసికిలు అచ్చటనే రూపుదిద్దుకొన్నది. సాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరమున, సముద్రపు పాయను దాటగానే మారిన్ అను జిల్లా గలదు. అందలి టామల్పాయిస్ పర్వతము 2500 అడుగులకు పైబడిన యెత్తు గలది. ఆ ప్రాంతపు కొండలపై, అడవిమంటల నార్పు బండ్లు పోవుటకై వేసిన మట్టిబాటలు గలవు. 1970 తరువాత కొందఱు యువతీయువకులు 1930, 40ల నాటి లావు టైర్ల పాత బైసికిళ్ళను చౌకగా గొని, మడ్‌గార్డులు మొదలగువాని నూడదీసి, ఆ బాటల వెంట దిగ నారంభించిరి. వీరిలో పలువురు నున్నని రోడ్లపై సన్నటైర్ల బైసికిళ్ళతో పందెములాడినవారే. ఈ పాత బండ్లు నలువది, ఏబది పౌనుల బరువు; గేరులు లేవు. మన పాలవాని బైసికిలునకు దాయాదు లనవచ్చును. భేదమేమనగా, వీనికి హాండిలు వద్ద బ్రేకు లేదు. పెడలును వెనుకకు త్రొక్కినచో వెనుకచక్రపు హబ్బులో పట్టుకొను బ్రేకు గలదు.

ఫేర్‌ఫాక్సు అను నూరి చేరువ నొక బాట దాదాపు రెండు మైళ్ళలో 1300 అడుగులు దిగును. అంత దిగుడున బ్రేకు పట్టిపట్టి హబ్బు కాలి, లోపలి గ్రీజు పొగయై పోయెడిది. ఒకమాఱు దిగినచో హబ్బు విప్పి మరల గ్రీజు కూరవలసినదే. అందుచే ఆ బాటకు 'రీప్యాక్', అనగా మరల కూరుట యని పేరు వచ్చెను. బండి యిరుసునకు కందెన పెట్టినవారికి ఈ పేరును వివరింప నక్కఱలేదు. 1976 అక్టోబరు 21వ తేదీన అచ్చట మొదటి పందెము జరిగెను. చార్లీ కెల్లీ యనునాతడు ఒక్కొక్కరిని వేఱువేఱుగ విడచి, పట్టిన కాలమును గడియారముతో లెక్కించెడివాడు. మొదటినాడు గెలిచినవాడు ఆలన్ బాండ్స్. తక్కినవారందఱు పడగా తానొక్కడు పడకుండుటచేతనే గెలిచెనని చెప్పుదురు. పిమ్మట గారీ ఫిషర్ అనునాతడు 4 నిమిషముల 22 సెకండ్లలో దిగెను. ఆ పందెములలో నంతకు తక్కువ కాలమున నెవ్వరును దిగలేదు.

ఇంతవఱకు ఆనందమంతయు దిగుటలోనే యున్నది. ఎక్కుట యనునది దిగుటకై చెల్లించు సుంకము. నెట్టుకొనియైనను, మోటారు బండిలో వేసికొనియైనను పైకి జేరెడివారు. ఈ స్థితిని మార్చినది గేరు. 1974 డిసెంబరులో మిల్ వ్యాలీ యను నూర నొక పందెమునకు కూపర్టినో యను నూరినుండి కొందఱు వచ్చిరి. వారి లావుటైర్ల బైసికిళ్ళకు అనేక గేరులు అమర్పబడియుండెను. కొద్దికాలమునకే ఫిషర్ తన పాత బండికిని గేరులు బిగించుకొనెను. అంతట కొండ యెక్కుట సుంకము గాక, దానియంతట నదియే యొక పనియయ్యెను. ఒక యడుగు వెనుక నొక యడుగుగా, ఊపిరి లెక్కపెట్టుకొనుచు, నేల దిగకుండ శిఖరము చేరుటలో రుచి గలదని కొందఱు కనుగొనిరి. ఒకే గుంపులో ఎక్కువారు, దిగువారు అను రెండు మతములు అప్పుడే మొలకెత్తినవని నా యభిప్రాయము.

ఈ గుంపులో వెండీ క్రాగ్ అను స్త్రీ యుండెను. ఆమె బైసికిలు ఏబది పౌనులకు మించిన బరువు. అట్టి దానితో రీప్యాకు బాటను 5 నిమిషముల 27 సెకండ్లలో దిగి, స్త్రీలలో ప్రథమురాలయ్యెను. కాని ఆమె వలన మనకు మిగిలిన లాభము వేఱొకటి. ఆమె తన కెమెరాను వెంటగొనిపోయి, స్నేహితులను, ధూళిని, కొండలను ఛాయాచిత్రములుగా దీసెను. నేడు ఆ కాలమును మనము కన్నులజూచుచున్నామన్న అందు చాల భాగము ఆమె చలువయే.

జో బ్రీజ్ అనువాడు రీప్యాకు పందెములను పలుమాఱులు గెలిచినవాడే. ఐనను నాకు వాడు గొలుసు తెగిన నా మిత్రునే జ్ఞప్తికి దెచ్చును. పాత చట్రములు కొండదెబ్బలకు వంగి విఱుగుచుండుట జూచి, 1977లో వాడు మేలైన ఉక్కుగొట్టములను తానే యతికి, కొండకొఱకే యొక క్రొత్త బైసికిలును నిర్మించెను. అది నేడు వాషింగ్టనులోని స్మిత్సోనియన్ సంస్థవారి వస్తుప్రదర్శనశాలకు చేరినది. 1979లో కెల్లీ, ఫిషర్ కలిసి 'మౌంటెన్‌బైక్స్' అను పేర అంగడి పెట్టిరి. టామ్ రిచీ యను పనివాడు చట్రములు చేసియిచ్చెను. 1981లో స్పెషలైజ్డ్ అను కంపెనీ జపానులో చేయించి 'స్టంప్‌జంపర్' అను బండిని విరివిగా విక్రయించెను. అంతటితో ఒక జిల్లాలోని పిల్లల వేడుక లోకపు వర్తకమయ్యెను.

కొలరాడో రాష్ట్రపు కథ కొంత నవ్వు పుట్టించును. ఆస్పెన్ అను ధనికుల యూరినుండి కొందఱు మోటారుసైకిళ్ళపై పర్ల్ కనుమను దాటి, క్రెస్టెడ్ బ్యూట్ అను చిన్న యూరికి వచ్చి, అచ్చటి పానశాల ముందు బండ్లు నిలిపి గొప్పలు చెప్పుకొనిరట. ఆ కనుమ 12,700 అడుగుల యెత్తున నున్నది. ఊరివారికి రోషము వచ్చినది. 1976లోనే వారు పాత బైసికిళ్ళు దీసికొని, దారిలో నొక రాత్రి మకాము చేసి, అదే కనుమను దాటి ఆస్పెనుకు బోయి వచ్చిరి. 1978లో మారిన్ నుండి కెల్లీ, ఫిషర్, బ్రీజ్, క్రాగ్ మొదలగువారైదుగురు వచ్చి వారితో గలిసిరి. అప్పుడు గడియారము పట్టుకొన్నవాడు లేడు. నలుగురితో గలిసి పోవుట, చలిమంట చుట్టు గూర్చుండుట, మఱునాడు పదిమందికి చెప్పుకొనుట, ఇదియే వారికి ముఖ్యము. మన జాతరలకు బండ్లు కట్టుకొని పోయిన పెద్దలకు ఈ సంతోషమెట్టిదో నాకంటె మీకే బాగుగా తెలియును.

పిమ్మట పందెములు పెద్దవైనవి. 1990లో కొలరాడోలోని డ్యురాంగో పట్టణమున అంతర్జాతీయ సైక్లింగు సంఘమువారి మొదటి కొండబైసికిలు ప్రపంచపోటీలు జరిగినవి; ఎక్కుచు దిగుచు పోవు పందెము, కేవలము దిగు పందెము వేఱువేఱుగ నిలిచినవి. అప్పటికి వర్తకులును బండ్లను చీల్చనారంభించిరి: ఎక్కువానికి తేలికదానిని, దిగువానికి స్ప్రింగుల దానిని అమ్ముదురు. ఒకే మనుష్యునిలో రెండు రుచులు నుండవచ్చునని వారు మఱచినట్లున్నది. జూలీ ఫుర్టాడో యను స్త్రీ మంచుపై జారు పందెములలో మోకాళ్ళు చెడి, ఆ యాట మానుకొని బైసికిలు పట్టెను. 1990లో డ్యురాంగోలో మొదటి పందెమును, 1992లో దిగు పందెమును గెలిచి, రెండింటను ప్రపంచవిజేతయయ్యెను. 1996లో అట్లాంటా ఒలింపిక్సులో ఎక్కుచు దిగుచు పోవు పందెమునకు చోటు దొరికెను; వట్టి దిగుడునకు నేటికిని దొరకలేదు. ఈమధ్య బ్యాటరీ మోటారు గల కొండబండ్లు వచ్చి, మోకాళ్ళు సహకరింపని అఱువదేండ్లవారిని గూడ పైకి చేర్చుచున్నవి. కష్టపడక యెక్కినవాడు కొండ యెక్కినట్లా యని పాతవారు గొణుగుదురు. నా మోకాళ్ళను సంప్రదించిన పిదప నేను ఈ తగవులో నూరకుంటిని.

అయితే కొండపై వీరికంటె ముందున్నవారు గలరు. టామల్పాయిస్ పర్వతమున నడచువారు 1912లోనే దాని రక్షణకు సంఘము పెట్టుకొనిరి. వారిలో వృద్ధులు గలరు, గుఱ్ఱములపై వచ్చువారు గలరు. మలుపు తిరుగునప్పటికి ఎదురుగా బైసికిలు దూసికొనివచ్చుట, గుఱ్ఱములు బెదరుట, బాటలు కోసికొనిపోవుట, వారు సహింపలేదు. 1984లో అమెరికా అటవీశాఖ శాసనరక్షిత వనములలో బైసికిళ్ళను నిషేధించెను. మారిన్‌లో సన్నని కాలిబాటలు చాలవఱకు వీరికి మూతపడెను. ఏ జిల్లాలో ఈ వేడుక పుట్టినదో ఆ జిల్లాలోనే దానిని తలుపు వెలుపల నిలిపిరి. 1988లో సవారులు అంతర్జాతీయ సంఘమొకటి పెట్టుకొని, పార, గడ్డపార చేతబట్టి బాటలు బాగుచేయ నారంభించిరి. బాటవేయుటయే యాటకంటె బాగున్నదని కొందఱక్కడనే నిలిచిపోయిరి. టామల్పాయిస్ చుట్టుప్రక్కల వెడల్పైన బాటలపై గంటకు 15 మైళ్ళు, మలుపులయొద్ద 5 మైళ్ళు మించరాదని నిబంధన గలదు.

ఆ 5 మైళ్ళ మాట చదివినపుడు నాకు మా యూరి కొండ మొదటి మలుపు కన్నులకు గట్టినది. ఆనాడు కట్టెలమోపు నెత్తిన బెట్టుకొని యొక ముసలమ్మ ఎదురుగా వచ్చుచుండెను. నన్ను జూచి ప్రక్కకు దుమికి పడెను; మోచేయి చీరుకొనెను, కట్టెలు లోయలోనికి దొర్లెను. ఆ సాయంకాలము మా తండ్రిగారు నా చెయ్యి పట్టుకొని ఆమె గుడిసెకు దీసికొనిపోయిరి. నేను గంట మ్రోగించితినని తలవంచుకొని చెప్పితిని. ఆమె, "కొట్టావు బాబూ, కాదనను. అది నా చెవిని పడేసరికి నువ్వు నామీదే పడ్డావు" అనెను.

మఱునాడు మేము ముగ్గురమును అదే కొండకు పోయి, ఆమెకు రెండు మోపుల కట్టెలు కొట్టి తెచ్చితిమి. దొన చెంత గూర్చున్నవాడు ఆనాడును కొంతసేపు అచ్చటనే గూర్చుండెను. గొలుసు తెగినవాడు గొడ్డలి పిడి వదులుగా నున్నదని దానికి చీలలు కొట్టుచుండగా, మోపులు నేనే మోసితిని.