ఎర్రగుడి గుండ్లు, ఆదోని కోట, మన ఎద్దులు

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో ఆరుగురం రెండు రోజులు పడమటి కర్నూలు చూసి వచ్చాము. ముందు పిల్లలు ఒప్పుకోలేదు. బడి నుంచి విహారయాత్ర అంటే హంపికి పోతారు, బెలుం గుహలకు పోతారు, మన ఆస్పరి, పత్తికొండ దిక్కున చూసేదానికి ఏముంది అన్నారు. చదువుకున్న పిల్లలే కాదు, వాళ్లకు చదువు చెప్పే మనం కూడా అట్లాగే అనుకుంటూ వచ్చాము. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మొదటి రాత్రి కైరుప్పలలో తెలిసినవాళ్ల ఇంట్లో ఉన్నాము. ఆస్పరి మండలంలోని ఈ ఊరి పేరు పేపర్లలో ఏడాదికి ఒక్కసారి వస్తుంది. ఉగాది మరునాడు ఊరు రెండుగా చీలి పిడకలతో కొట్టుకుంటుంది. వీరభద్రస్వామికీ కాళికాదేవికీ పెళ్లి విషయంలో వచ్చిన తగువు అది, తగువు తీరినాక పెళ్లి చేస్తారు. మేము పోయింది చలికాలం గనుక పిడకల సమరం లేదు, మంచు మాత్రం ఉంది. తెల్లవారక ముందే లేచి శనగ చేల గట్లమీదికి పోయాము. ఎండ పొడ తగిలేసరికి జింకల గుంపు కనిపించింది. లేత గోధుమ రంగు లేళ్లు, వాటి నడుమ రెండు ఇర్రులు. ఇర్రి అంటే మగ జింక. వీపు నలుపు, పొట్ట తెలుపు, కొమ్ములు మెలితిప్పిన తాడులాగా. కృష్ణ జింక మన రాష్ట్ర జంతువు. చిత్రమేమంటే దీనికి అడవి అక్కరలేదు. గడ్డి మైదానం కావాలి. ఆ మైదానాలన్నీ చేలు అయిపోయినాక చేలనే మైదానం అనుకుని బతుకుతున్నది.

పిల్లలు మురిసిపోయారు. మమ్మల్ని తీసుకుపోయిన రైతు మాత్రం మురిసిపోలేదు. "సూసేకి మీకు బాగుంటాయి సార్, రేత్రంతా కావిలి కాసే మాకు తెలుసు" అన్నాడు. మొలక వచ్చినప్పుడు గుంపు దిగితే ఒక్క రాత్రిలో చేను గుండు గీసినట్టు అవుతుందట. 1972 వన్యప్రాణి చట్టం కింద జింకను ముట్టుకుంటే జైలు. ఆయన దాన్ని తప్పు అనలేదు. జింక రాజుగారిది, చేను నాది అన్నాడంతే. ఈ మాట మాకు ఆ రోజు మధ్యాహ్నం మళ్లీ గుర్తొచ్చింది.

చేల మీద తక్కువ ఎత్తులో రెక్కలు చాపి తేలుతూ పోయే గద్దలను కూడా చూశాము. వాటిని పిల్లిగద్దలంటారు. మధ్య ఆసియా గడ్డి నేలల నుంచి చలికి ఇక్కడికి వస్తాయి, మిడతలను తింటాయి, ఎండలు ముదిరేలోపు పోతాయి. కర్నూలుకు తూర్పున రోళ్లపాడులో 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం పెట్టారు. బట్టమేక పిట్ట అక్కడ ఇప్పుడు కంటబడటమే గగనమైంది గానీ ఈ గద్దలు మాత్రం రాత్రుళ్లు ఆ గడ్డిలో నేలమీదే గుంపుగా పడుకుంటాయి. మా యాడి, అంటే పిల్లల అవ్వ, ఈ సంగతి విని "అయితే ఇవి కూడా మన మాదిరే" అంది.

కైరుప్పల నుంచి ఆస్పరి, పత్తికొండ మీదుగా ఎర్రగుడికి పోయాము. పత్తికొండ దగ్గరే రాజులమందగిరిలో కూడా అశోకుడి చిన్న శాసనం ఒకటి ఉంది. బాగా అరిగిపోయింది, పిల్లలకు గీతలు కూడా సరిగా కనిపించవు, అందుకని ఆగలేదు. ఎర్రగుడి అట్లా కాదు. గుత్తి నుంచి పత్తికొండకు వచ్చే దారిలో, తుగ్గలి మండలంలో, ఏనుగు కొండ అని పిలిచే చిన్న గుట్ట అది. పెద్ద పెద్ద గుండ్ల మీద 2,200 ఏళ్లకు పైబడిన బ్రాహ్మీ అక్షరాలు. అశోకుడి పధ్నాలుగు పెద్ద శాసనాలూ, చిన్న శాసనాలూ ఒకే చోట ఉన్న తావు ఇది. రాళ్లను పరిశీలించడానికి వచ్చిన అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1920ల చివర్లో వీటి గురించి బయటి లోకానికి చెప్పాడు. పశువులు కాసేవాళ్లు అంతకు ముందు కూడా ఆ గుండ్ల నీడన కూర్చునే ఉంటారు. 'కనుగొన్నాడు' అనే మాట వాడేటప్పుడు మనం కొంచెం ఆగాలి.

చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కి ఉన్నాయి. మడక దున్నే ఎద్దులు చాలు చివర తిరిగినట్టు. మా చిన్నది వేలితో గాలిలో గీసి చూసుకుంది. ఆ శాసనంలోనే ఒక ఆజ్ఞ ఉంది. ఏనుగులు ఎక్కేవాళ్లకు, రాతపని చేసే కరణాలకు, బండ్లు తోలడం నేర్పే గురువులకు, బ్రాహ్మణులకు చెప్పండి, వాళ్లు తమ శిష్యులకు పాత మర్యాద ప్రకారం నేర్పాలి అని. ఏనుగు కొండ మీద ఏనుగు ఎక్కేవాళ్ల ప్రస్తావన చూసి మేము నవ్వుకున్నాము. ఆ ఏనుగులను అడవిలో పట్టి తెచ్చి మచ్చిక చేసినవాళ్లు ఎవరు అని పెద్దోడు అడిగాడు. ఆ సంగతి గుండు మీద లేదు.

మొదటి పెద్ద శాసనం వంటింటి గురించి. పూర్వం రాజుగారి వంటశాలలో రోజూ లక్షల ప్రాణులను చంపేవాళ్లు, ఇప్పుడు మూడే, రెండు నెమళ్లు, ఒక జింక, ఆ జింక కూడా రోజూ కాదు, ఇకమీద ఈ మూడూ ఉండవు అని రాయించాడు. పొద్దున కైరుప్పల రైతు అన్న మాట ఇక్కడ గుర్తొచ్చింది. జింక మీద రాజు మాట చెల్లడం కొత్తది కాదు. ఎనిమిదో శాసనంలో మా ప్రయాణానికి పనికొచ్చే మాట ఒకటి దొరికింది. పూర్వం రాజులు విహారయాత్రలకు పోయేవాళ్లట, అంటే వేటకూ, అట్లాంటి వినోదాలకూ. అశోకుడు పట్టాభిషేకమైన పదో ఏట బోధివృక్షం చూడబోయి, అప్పటి నుంచి ధర్మయాత్ర మొదలుపెట్టాడు. ఆ యాత్రలో పెద్దలను చూడటం, పల్లె జనాన్ని కలిసి మాట్లాడటం ఉంటాయి. బడిలో మనం వాడే విహారయాత్ర అనే మాటకు ఇంత పాత తగవు ఉందని మాకు తెలియదు.

ఇంక అసలు సంగతి పదమూడో శాసనం. ఇది కూడా ఈ గుట్ట మీద ఉంది గానీ దెబ్బతిన్నది, పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీ ప్రతితో పోల్చి చదువుకోవాలి. కళింగ యుద్ధంలో లక్ష మంది చచ్చారు, లక్షన్నర మందిని తరలించారు, అందుకు రాజు బాధపడ్డాడు. ఇంతవరకు అన్ని పాఠ్యపుస్తకాల్లోనూ ఉంది. తరువాత భాగం చాలామంది పిల్లలకు చెప్పరు. తన రాజ్యంలో ఉన్న అడవి జనాన్ని కూడా రాజు మంచి మాటలతో దారికి తెచ్చుకుంటాడు. అయితే బాధపడుతున్నా సరే తన దగ్గర బలం ఉందని వాళ్లకు చెప్పిస్తున్నాడు, వాళ్లు తమ పనులకు సిగ్గుపడి చావు తప్పించుకోవాలని. అదే శాసనంలో ఆంధ్రుల పేరూ, వారి పక్కనే పుళిందుల పేరూ వస్తాయి. పుళిందులు అడవి, కొండ జనమని చాలామంది పండితుల అభిప్రాయం.

ఇది మా యాడికి మా గోర్ భాషలో విడమరిచి చెప్పాము. ఆమె కాసేపు గుండు వైపు చూసి, "ఏం చేసినారంట వాళ్లు?" అని అడిగింది.

చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు. వాళ్లు చేసిన తప్పు ఏమిటో శాసనం చెప్పదు. శాంతి మాట్లాడే రాజు కూడా అందరితో ఒక గొంతుతో, అడవి జనంతో ఇంకో గొంతుతో మాట్లాడాడు. అశోకుణ్ణి చిన్నబుచ్చడానికి ఈ మాట అనడం లేదు. మనుషులకూ పశువులకూ వైద్యం, దారుల వెంట చెట్లు, బావులు అని రాయించిన రాజు ఆయన. కానీ ఈ వాక్యం మనం చదవకపోతే ఇంకెవరూ మన కోసం చదివి పెట్టరు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఆ అడవి జనం మేమే అని మా పిల్లలకు చెప్పలేదు. సుగాలీలు దక్కనుకు వచ్చింది ఎన్నో శతాబ్దాల తరువాత, ఎద్దుల మీద సరుకు వేసుకుని. నల్లమల చెంచులకు ఆ మాట దగ్గరిది కావచ్చు, అదీ రుజువు ఉన్న సంగతి కాదు. మనకు చరిత్ర తక్కువ చేశారని, లేనిది కలిపి రాసుకోనక్కరలేదు. ఉన్నదే చాలా ఉంది.

ఎర్రగుడి నుంచి గుత్తి దగ్గరే. సేవాభాయా 1739లో పుట్టిన చోటు అని మనవాళ్లు నమ్మే గొల్లలదొడ్డి సేవాగఢ్ గుత్తి పక్కనే. యాడి అటు తిరిగి చేతులు జోడించింది. ఫిబ్రవరి 15 జయంతికి ఎట్లాగూ పోతాము గనుక వెనక్కి తిరిగి రాత్రికి ఆదోని చేరాము.

ఆదోని కోట గురించి బడి పుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలు ఉంటాయి. విజయనగరం వాళ్ల గట్టి కోట. తళ్లికోట యుద్ధం తరువాత 1568లో బీజాపూరు చేతికి పోయింది. ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీ వంశస్థుడు సిద్దీ మసూద్ ఖాన్ ఇక్కడ ఏలుబడి చేసి జామియా మసీదు కట్టించాడు. 1688లో ఔరంగజేబు సేన ముట్టడించినప్పుడు ఫిరంగులను ఆ మసీదు వైపు తిప్పారనీ, అది కూలడం చూడలేక మసూద్ ఖాన్ లొంగిపోయాడనీ చెప్పుకుంటారు. 1786లో టిప్పు పట్టుకుని గోడలు పడగొట్టించాడు. 1800లో నిజాము ఈ సీమంతా కుంపిణీకి ఇచ్చేశాడు. రణమండల కొండ కింద నిలబడి ఇదంతా చెబుతుంటే మా పెద్దోడు అడ్డం వచ్చాడు. ఇంతమంది ఇన్ని నెలలు కొండను చుట్టుకుని కూర్చుంటే ఏం తిన్నారు అన్నాడు.

చరిత్ర పాఠంలో అడగవలసిన ప్రశ్న ఇదే. సేనలకు గింజలు మోసింది లదేణి. లదేణి అంటే బంజారాల బరువు ఎద్దుల బారు, వేలకు వేలు, పగలు కొంత దూరం నడిచి మేత దొరికిన చోట దిగేది. 1630 ప్రాంతంలో బీజాపూరు మీదికి వచ్చిన మొగలు సేన వెంట భంగీ, జంగీ నాయకుల ఎద్దులు 1,80,000 అని పాత పుస్తకాల్లో ఉంది. అంకె పెద్దది చేసి ఉండవచ్చు. 1791-92లో టిప్పు మీదికి పోయిన కారన్‌వాలిస్ సేన ఆకలితో ఆగిపోకుండా కాపాడింది బంజారాల ధాన్యమేనని ఇంగ్లీషువాళ్లే రాసుకున్నారు. ఏ ముట్టడికి ఏ నాయకుడి ఎద్దులు వచ్చాయో ఆదోని గోడల మీద లేదు, ఉండదు కూడా. గోడ కట్టించినవాడి పేరు రాయి మీద ఉంటుంది, గింజలు మోసినవాడి పేరు పాటలో ఉంటుంది.

తిరుగు దారిలో ఆస్పరి స్టేషను మీదుగా పోయే రైలు పట్టాలు ఈ కథకు ముగింపు. మద్రాసు నుంచి గుంతకల్లు, ఆదోని మీదుగా వచ్చిన లైను 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. ఉప్పు, పత్తి, గింజలు రైలెక్కాయి. ఎద్దుకు పని పోయింది. అదే 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. రెండింటికీ సంబంధం లేదు, ఏడు మాత్రం ఒకటే. మొదట ఉత్తరాదిన పెట్టిన ఆ చట్టం 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. ఎరుకల కుటుంబాల పేర్లు రిజిస్టరులో ఎక్కాయి, వేలిముద్రలు, పోలీసుల ముందు హాజరు, స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లు. ఊరూరా తిరిగి బతికే వాళ్లందరి మీదా అనుమానం పడింది. మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. ఏం చేసినారంట అని యాడి ఎర్రగుడిలో అడిగిన ప్రశ్న ఈ చట్టానికీ వర్తిస్తుంది.

టీచర్లకు ఒక మాట. ఎర్రగుడికి పిల్లలను తీసుకుపోతే పొద్దున్నే పోండి, పక్కవాటుగా ఎండ పడితే అక్షరాలు బాగా తేలుతాయి. నీళ్లు వెంట తీసుకుపోండి. గుండ్ల మీద సుద్ద రాయనివ్వకండి. పధ్నాలుగు శాసనాల తెలుగు అర్థం ముందే బడిలో చదివించి పోతే మంచిది.

మా రెండో రోజు సాయంత్రం ఎమ్మిగనూరులో ముగిసింది. నేత సొసైటీకి పేరు పొందిన ఊరది. 1938లో మాచాని సోమప్ప మొదలుపెట్టిన సహకార సంఘం. మేము పోయింది మాత్రం నీలకంఠేశ్వరస్వామి జాతరకు. పిల్లలు మిఠాయి అంగళ్ల వైపు, మేము ఎద్దుల పరస వైపు. యాడి ఒక్కో ఎద్దు దగ్గరా ఆగింది. ఒక తెల్ల కోడె మూపురం మీద చెయ్యి వేసి, గిట్టలు చూసి, బరువు మోసే ఎద్దుకు ఈ కాళ్లు చాలవు అంది. లదేణిలో ముందు నడిచే ఎద్దుకు గవ్వలు, అద్దాలు కుట్టిన జూలు కప్పేవాళ్లని, అది కూర్చుంటేనే బారంతా కూర్చునేదని తన అవ్వ చెప్పిందట. ఆమె మాత్రం ఆ ఎద్దును చూడలేదు.

కోడె పట్టుకున్న రైతు "కొనేదుంటే చెప్పు అవ్వా, ధర మాట్లాడుకుందాం" అన్నాడు.

"కొనేకి కాదు నాయనా, ఊరికే సూస్తాండా" అని, యాడి ఇంకొకసారి దాని మూపురం నిమిరింది.