పేరును కాదు, ముద్రను జూడుండ్రి

ఇంకింత దగ్గర్కి జరుగుండ్రి బిడ్డా, చలి బాగుంది. దోనాలి, అంటె రెండు గొట్టాల బందూకుల ముచ్చట అడిగిండ్రు గదా, ఇయ్యాల జెప్త.

నేను పట్నంల బందూకులు బాగుచేసే దుకాణంల పనికి కుదిరిన. అప్పటికే 1972 వన్యప్రాణి చట్టం వచ్చి షికారుకు కట్టడి వడ్డది. గడీలల్ల, దేవిడీలల్ల ఉన్న పాత బందూకులు మూలకు వడ్డయి. మా దుకాణంల మాత్రం మిగిలిపోయిన సామాను డబ్బాల నిండుగ ఉండేది. గోడాలు (కొట్టే సుత్తెలు), కమానీలు (స్ప్రింగులు), లబ్లబీలు (ట్రిగ్గర్లు), లాకు (కాల్చే యంత్రం) పలకలు. మా ఉస్తాదు ఒక్కో ముక్కను కిరసనాయిల్‌తోని తుడిచి, వెలుతురుకు వట్టి, అదేడ పుట్టిందో చెప్పెటోడు.

"నాలి మీద పేరు జూసి నమ్మకురా" అనెటోడు. కలకత్తా మాంటన్, రొడ్డా కంపెనీల పేర్లున్న బందూకులు ఎన్నో వచ్చేటియి. వాళ్ళు అమ్మినోళ్ళు. చేసిన చేతులు ఎక్కువగ ఇంగ్లండ్‌ల బర్మింగ్‌హామ్‌వి. ఆ ఊర్ల నాలి చేసేటోడు వేరు, లాకు ఆకురాయితోని దిద్దేటోడు వేరు, కట్టె చెక్కేటోడు వేరు, నగిషీ కొట్టేటోడు వేరు. లాకులకైతే పక్కనున్న వుల్వర్‌హాంప్టన్‌ల బ్రేజియర్ ఇంటోళ్ళది పెద్దపేరు. లండన్ల పేరున్న దుకాణాలు గూడ వాళ్ళ లాకులే కొనేటియి.

మరి పుట్టుక ఎట్ల తెలుస్తది? ముద్రలను బట్టి. బర్మింగ్‌హామ్‌ల 1813ల చట్టం పెట్టి పరీక్ష ఇల్లు కట్టిండ్రు. ఎక్కువ మందు పోసి కాల్చి జూసి, నాలి తట్టుకుంటెనే ముద్ర గొట్టేటోళ్ళు. నాలి అడుగున కిరీటం కింద బీ.వీ., బీ.పీ. ఉంటె అది 1904 తర్వాతి బర్మింగ్‌హామ్ సరుకు. "నాట్ ఫర్ బాల్" (గుండు కాల్చొద్దు) అని ఉంటె 1875కూ 1887కూ నడుమది. గుడ్డు ఆకారంల ఈ, ఎల్, జీ అక్షరాలుంటె బెల్జియంల లియేజ్ ఊరిది.

ముక్కలల్ల ఇంకో రహస్యముంటది. అప్పట్ల అన్నీ చేతితోని దిద్దినయి, ఒకదాని కమానీ ఇంకోదానికి ఆకురాయి తగలకుంట పట్టదు. అందుకే మంచి పనోళ్ళు నాలి మీద, లోపలి ఇనుము మీద, ముందు కట్టె ఇనుము మీద ఒకే నంబరు గొట్టేటోళ్ళు. వరంగల్ దిక్కునుంచి ఒకసారి బందూకు వచ్చింది. ముందు కట్టె ఇనుము లేదు. ఉస్తాదు డబ్బాలు కుమ్మరించి జూస్తె, ఎన్నడో మరమ్మతుకు వచ్చి మిగిలిపోయిన ముక్క మీద అదే నంబరు! మనుమనికి తాత దొరికినంత సంబురపడ్డడు ఉస్తాదు. కడుగంగనే కుదురుకున్నది. యజమాని కండ్లల్ల నీళ్ళు తిరిగినయి.

ఆ పనోళ్ళ పేర్లు బందూకుల మీద పెద్దగ కనవడవు. ముద్రలూ, నంబర్లూ తప్ప వాళ్ళల్ల చానమందికి ఇంకో సాక్ష్యం మిగలలే.

అందుకే ఒక మాట, గుర్తుపెట్టుకోండ్రి. పెద్దోళ్ళ ఇంట్ల అసొంటి ముక్క దొరికితె పాతసామాన్లోనికి అమ్మొద్దు, దాచిపెట్టుకోవద్దు. 1959 ఆయుధాల చట్టంల బందూకు ముక్క గూడ ఆయుధం కిందికే వస్తది. ముద్రలు, నంబర్లు ఉన్నదున్నట్టు కాయిదం మీద రాసుకోండ్రి. ముక్కను పోలీస్ ఠాణాల గాని, లైసెన్సున్న దుకాణంల గాని అప్పజెప్పండ్రి. ఆ కాయిదం మాత్రం పారెయ్యకుండ్రి.