రంపపుపొట్టు నుండి బొగ్గుబిళ్ళ వరకు

అమెరికాలో వేసవి రాగానే ఇంటి పెరటిలో ఇనుప పొయ్యి వెలిగించి, కమ్మీలపై మాంసమును, మొక్కజొన్న కంకులను కాల్చి, ఇరుగుపొరుగువారితో కలసి భుజించుట ఒక ఆచారము. దీనిని వారు బార్బెక్యూ అందురు. కరీబియన్ దీవులలోని తైనో జాతివారి మాట స్పానిష్ భాషలో ‘బార్బకోవా’గా మారి, అటనుండి ఇంగ్లీషులోనికి వచ్చినది. కర్రలతో కట్టిన మంచె అని దాని అర్థము.

విందు ముగియగానే కాగితపు పళ్ళెములు, ప్లాస్టిక్ గ్లాసులు కుప్పపడును. వ్యర్థమును తగ్గింపదలచిన వారి చూపు సామాన్యముగా ఆ కుప్పమీదనే నిలుచును. కాని కంటికి కనబడని పెద్ద వ్యర్థమొకటి కలదు. అది పొయ్యి వెలిగింపక ముందే, బొగ్గు తయారైన చోటనే జరిగిపోయినది. బొగ్గుబిళ్ళ చరిత్రను పరిశీలించినచో ఈ సంగతి తేటపడును.

కట్టెను గాలి తగలనీయక బాగుగా వేడిచేసినచో అది మండదు, విడిపోవును. ముందు నీరు ఆవిరియగును. తరువాత ఎసిటికామ్లము, మిథైల్ ఆల్కహాలు, తారు, మండు వాయువులు వెలువడును. తుదకు మిగులునది బొగ్గు. అందు అధికభాగము కర్బనమే. రసాయన శాస్త్రమున దీనికి భంజన స్వేదనమని పేరు. పొగ పుట్టించు పదార్థములు ముందే పోవుటచేతనే కుంపటిలో బొగ్గు పొగలేక కణకణలాడును.

మరి పోయిన పదార్థముల మాటేమి? ఒక లెక్క చూడుడు. మట్టి కప్పిన పాతకాలపు బట్టీలో 5 కిలోల ఎండు కట్టెకు ఒక కిలో బొగ్గు వచ్చుట సామాన్యము. ఆ 5 కిలోల కట్టెలో సుమారు 80 మెగాజౌళ్ళ శక్తి యుండును. కిలో బొగ్గులో నున్నది సుమారు 30 మెగాజౌళ్ళు. అనగా సగమునకు మించిన శక్తి పొగయై ఆకాశము పాలైనది. ఆ పొగ గాలిని గూడ చెరచును.

బొగ్గుపొడిని అంటుపదార్థముతో కలిపి, అచ్చులలో నొత్తి బిళ్ళలు చేయు పద్ధతికి 1897లో పెన్సిల్వేనియాకు చెందిన ఎల్స్‌వర్త్ జ్వోయర్ పేటెంటు పొందెను. ఐనను ఆ బిళ్ళ పేరు దేశమంతటను మ్రోగుటకు కారకుడు మోటారుకార్ల నిర్మాత హెన్రీ ఫోర్డు.

ఫోర్డు తయారుచేసిన ‘మోడల్ టి’ కారులో కొంత భాగము కొయ్యతోనే చేయబడెడిది. అందుకు కావలసిన కలపకొరకు ఆయన 1920 ప్రాంతమున మిచిగాన్ రాష్ట్రపు ఉత్తరభాగమున ఐరన్ మౌంటెన్ అను ఊరివద్ద అడవులు కొని, కోతమిల్లు పెట్టెను. ఈ ఏర్పాట్లలో ఆయనకు తోడ్పడినవాడు ఎడ్వర్డు కింగ్స్‌ఫర్డు; ఫోర్డు దగ్గర బంధువును వివాహమాడినవాడు. మిల్లులో కొమ్మలు, చెక్కముక్కలు, రంపపుపొట్టు గుట్టలుగా పేరుకొనసాగెను. పనికిరానిదనుట ఫోర్డుకు గిట్టని మాట. ఆరెగన్ విశ్వవిద్యాలయపు రసాయన శాస్త్రజ్ఞుడు ఆరిన్ స్టాఫర్డు రూపొందించిన పద్ధతిని తీసుకొని, 1924 ప్రాంతమున అచట స్వేదన కర్మాగారమును నెలకొల్పెను.

స్టాఫర్డు పద్ధతిలో నిలువు కొలిమి యుండును. పైనుండి ఎండిన చెక్కముక్కలు పడుచుండ, క్రిందినుండి బొగ్గును తీయుచుందురు. ఒకమారు వేడెక్కిన పిమ్మట, చెక్క విడిపోవునపుడు పుట్టు వేడితోనే పని సాగిపోవును. ఆవిరులను చల్లార్చి మిథైల్ ఆల్కహాలును, ఎసిటికామ్లపు లవణములను, తారును వేరుచేసి విక్రయించిరి. చల్లబడినను ద్రవముగా మారని వాయువును ఇంధనముగా వాడుకొనిరి. బొగ్గుపొడికి గంజిపిండి కలిపి బిళ్ళలు చేసి, కార్లు అమ్ము దుకాణములలోనే అమ్మించిరి. ఇచట రెండు సుగుణములు గమనింపదగినవి. ముడిసరకు కొరకు ప్రత్యేకముగా చెట్టు కొట్టలేదు. పొగను ఊరక పోనీయలేదు.

కాని ఈ ఏర్పాటు చిరకాలము నిలువలేదు. 1923లోనే జర్మనీలోని బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ కార్బన్ మోనాక్సైడు, ఉదజని వాయువులనుండి మిథైల్ ఆల్కహాలును పెద్ద ఎత్తున తయారుచేయ నారంభించెను. చెక్కనుండి వచ్చు ఆల్కహాలుకు క్రమముగా గిరాకి తగ్గెను. కార్లలో కొయ్యకు బదులు ఉక్కు వచ్చెను. 1951లో ఫోర్డు సంస్థ అచటి పనిని ముగించెను. బొగ్గు వ్యాపారమును స్థానికులు కొని, కింగ్స్‌ఫర్డు పేరు పెట్టిరి. చిత్రమేమనగా, బొగ్గుబిళ్ళకు అసలైన గిరాకి అటుపిమ్మటనే పెరిగెను. నేడు అమెరికాలో అమ్ముడగు బిళ్ళలలో చెక్కబొగ్గుతోపాటు గనిబొగ్గును, సున్నపురాతిని గూడ కలుపువారు కలరు. వ్యర్థమును వాడుకొనుటకై పుట్టిన వస్తువు తానే ఒక సరకైనది. గిరాకి తీర్చుటకు చెట్లు కొట్టి బొగ్గు కాల్చు ప్రాంతములును కలవు.

2009లో ఎరిక్ జాన్సన్ అను పరిశోధకుడు బ్రిటనులోని పెరటి పొయ్యిలను పోల్చి, వంటగ్యాసు పొయ్యికంటె బొగ్గుపొయ్యి హరితగృహ వాయువుల భారము ఇంచుమించు మూడు రెట్లని లెక్కగట్టెను. గ్యాసు భూగర్భమునుండి వచ్చు ఇంధనము. చెట్టు మరల మొలచునది. ఐనను లెక్క ఇట్లు తేలుటకు ముఖ్య కారణములు బొగ్గు తయారీలోను, వంటలోను జరుగు శక్తినష్టములే. కాబట్టి బొగ్గు కొనువాడు అడుగవలసిన ప్రశ్నలు రెండు: ఇది దేనినుండి వచ్చినది? దీని పొగ ఎటు పోయినది? రంపపుపొట్టు, కొబ్బరిచిప్పల వంటివాటితో, పొగను పట్టి వాడుకొను కొలిమిలో చేసిన బొగ్గు మేలైనది.

వంటలో జరుగు నష్టమును తగ్గించు ఉపాయములు సులభమైనవి. షికాగోలోని లోహపు పనిశాలలో పనిచేయు జార్జి స్టీఫెన్ 1952లో ఓడరేవు తేలుబుంగను సగమునకు కోసి, మూతగల పొయ్యి చేసెను. మూతయు, గాలిరంధ్రములును మూసినచో ఆమ్లజని అందక నిప్పు ఆరును. మిగిలిన బొగ్గు మరునాటికి పనికివచ్చును. కిరసనాయిలు వంటి నూనెలు పోయక, అడుగున రంధ్రములున్న రేకుగొట్టములో బొగ్గు నింపి, క్రింద కాగితము వెలిగించినచో వేడిగాలి పైకి లేచి, చల్లగాలిని లోనికి లాగి, బొగ్గు తానే రాజుకొనును. బొగ్గు మండునపుడు కార్బన్ మోనాక్సైడు పుట్టును గనుక మూసిన గదిలో ఎన్నడును వెలిగింపరాదు. ఇక పళ్ళెముల విషయమున మన విస్తరాకును మించినది లేదు.

ఉపాధ్యాయులు ఈ పాఠమును తరగతిలోనే చూపవచ్చును. గట్టి గాజు పరీక్షనాళికలో కొంచెము ఎండిన రంపపుపొట్టు వేసి, సన్నని గాజుగొట్టముగల బిరడా బిగించి, గాలి వచ్చు గదిలో నాళికను వేడిచేయుడు. కొంతసేపటికి గొట్టపు కొననుండి తెల్లని పొగ వెలువడును. దానికి దూరమునుండి అగ్గిపుల్ల చూపినచో చిన్న మంట వెలుగును. బట్టీలో పోగొట్టుకొనుచున్న శక్తి ఆ మంటయే.