స్టెంట్ వేశాక అడగాల్సిన అంకె

ఇండియాలో నాన్నకి గుండెపోటు వచ్చింది, స్టెంట్ వేశారు, నాలుగో రోజు ఇంటికి పంపేశారు. వీడియో కాల్‌లో ఆయన ఇడ్లీ తింటూ కనిపించగానే హమ్మయ్య అనుకున్నాను. వాట్సాప్‌లో వచ్చిన కాగితాల్లో బిల్లు చూశాను, మందుల చీటీ చూశాను. ఎకో రిపోర్టు మాత్రం తెరవలేదు. అందులో ‘ఎజెక్షన్ ఫ్రాక్షన్ 32’ అని ఉందని నెల తర్వాత గమనించాను. ఆ తర్వాత డాక్టర్లని అడిగి, చదివి తెలుసుకున్నవి మనవాళ్లకి పనికొస్తాయని రాస్తున్నాను.

గుండెపోటు అంటే గుండె కండరానికి రక్తం తెచ్చే గొట్టం మూసుకుపోవడం. మనిషికి సాధారణంగా స్పృహ ఉంటుంది, నొప్పి అంటాడు, చెమటలు పడతాయి. కార్డియాక్ అరెస్ట్ వేరు. గుండెలో కరెంటు గాడి తప్పి, కొట్టుకోవాల్సిన గుండె ఊరికే వణుకుతుంది. మనిషి కుప్పకూలిపోతాడు, పిలిస్తే పలకడు. స్టెంట్ గొట్టాన్ని తెరుస్తుంది గానీ అప్పటికే చచ్చిపోయిన కండరాన్ని బతికించలేదు. అక్కడ మచ్చ కడుతుంది. నెలలు, ఏళ్లు గడిచాక కూడా కరెంటు దారి తప్పేది ఎక్కువగా ఆ మచ్చ దగ్గరే.

మచ్చ ఎంత పెద్దదో అంచనాగా చెప్పేదే ఆ అంకె. గుండె ఎడమ గది ఒక్కో దెబ్బకి తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి నెడుతోందన్న లెక్క అది. 55 నుంచి 70 ఉంటే మామూలే. (60 అంటే ‘ఫస్ట్ క్లాస్ మార్కులేగా’ అంది అమ్మ. నిజంగా అంతే, దీనికి వంద రాదు.) 35, అంతకన్నా తక్కువైతే హఠాన్మరణం ముప్పు ఎక్కువ.

ఆ ముప్పు ఎప్పుడు ఎక్కువ? 2005లో వెలువడిన వాలియంట్ అధ్యయనంలో, గుండెపోటు తర్వాత గుండె బలహీనపడిన 14 వేల మందికి పైగా రోగులను గమనించారు. హఠాన్మరణాలు మొదటి 30 రోజుల్లో 1.4 శాతం. రెండేళ్ల తర్వాత నెలకి 0.14 శాతం. అంటే ఇంటికొచ్చిన మొదటి నెలే గడ్డుకాలం.

అలాంటప్పుడు షాక్ ఇచ్చి గుండెని దారిలో పెట్టే ఐసీడీ పరికరాన్ని వెంటనే ఎందుకు పెట్టరు? నాకూ ఇదే సందేహం వచ్చింది. డినామిట్ అనే అధ్యయనంలో (2004) 6 నుంచి 40 రోజుల లోపు పెట్టి చూశారు. లయ తప్పి పోయేవాళ్లు తగ్గారు, కానీ వేరే కారణాలతో పోయేవాళ్లు పెరగడంతో మొత్తం మరణాలు తగ్గలేదు. పైగా, దెబ్బతిని మొద్దుబారిన కండరం కొంత తేరుకుంటుంది, అంకె దానంతటదే పెరగొచ్చు. అందుకే గుండెపోటు తర్వాత కనీసం 40 రోజులు, స్టెంట్ గానీ బైపాస్ గానీ జరిగితే 3 నెలలు ఆగి, మందులు సరిగ్గా వాడుతూ మళ్లీ ఎకో తీస్తారు. అప్పటికీ 35 లోపే ఉండి ఆయాసం లాంటి లక్షణాలుంటే, లేదా లక్షణాలు లేకపోయినా 30 లోపు ఉంటే, ఐసీడీ గురించి మాట్లాడతారు. మనవాళ్లు చాలామంది ఎగ్గొట్టేది ఈ రెండో ఎకోనే. ‘బాగానే ఉన్నాగా, మళ్లీ ఎందుకు ఖర్చు’ అంటారు. బతిమాలైనా తీయించండి.

ఈలోపు కాపాడేవి మందులే. బీటా బ్లాకర్‌నీ, స్టెంట్ మూసుకుపోకుండా ఇచ్చే మాత్రల్నీ డాక్టరు చెప్పకుండా ఒక్కరోజు కూడా మానకూడదు. కళ్లు తిరిగి పడిపోయినా, ఉన్నట్టుండి గుండె దడదడలాడినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

కుప్పకూలితే మాత్రం ఆ ఇంట్లో ఉన్నవాళ్లే దిక్కు. ఎవరూ ఏమీ చేయకపోతే బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. ఛాతీ మధ్యలో 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూనే ఉండాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఒక్కర్తే అంతసేపు నొక్కలేదు. అందుకే కింది వాటాలో ఉండే కుర్రాడికి, వాచ్‌మన్‌కి కూడా నేర్పించాం. 108కి ఇక్కణ్ణుంచి ఫోన్ చేస్తే కలవదు కాబట్టి వాళ్లిద్దరి నంబర్లు నా ఫోన్‌లో పెట్టుకున్నాను. అమ్మానాన్నలు మన దగ్గరికి వచ్చినప్పుడు వాళ్లకీ ఇక్కడి నంబరు నేర్పాలి: అమెరికాలో 911, బ్రిటన్‌లో 999, యూఏఈలో అంబులెన్సుకి 998.

నాన్నకి మూడో నెల ఎకోలో 41 వచ్చింది. ప్రస్తుతానికి పరికరం అక్కర్లేదన్నారు, మందులు అవే కొనసాగుతున్నాయి.