చలికి ఈవీ రేంజ్ ఎందుకు పడిపోతుంది? చార్జింగ్ ఎందుకు ఆలస్యమవుతుంది?

రాత్రి పార్క్ చేసినప్పుడు 250 కిలోమీటర్లు వస్తుందని చూపించిన ఎలక్ట్రిక్ కారు, తెల్లారి హీటర్ వేసుకుని పది కిలోమీటర్లు వెళ్లేసరికి 190 అని చూపిస్తోంది. చార్జర్ దగ్గరికెళితే అరగంటలో అవ్వాల్సిన పని గంట దాటినా అవ్వడం లేదు. అమెరికా, కెనడాల్లో ఉంటున్న మీవాళ్లెవరైనా ఈ మాట మీతో అనే ఉంటారు.

2024 జనవరిలో షికాగోలో ఉష్ణోగ్రత సుమారు మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయినప్పుడు చార్జింగ్ స్టేషన్ల ముందు గంటల తరబడి క్యూలు కట్టాల్సి వచ్చింది. కొన్ని కార్లు క్యూలోనే ఆగిపోతే టో చేసి తీసుకెళ్లారు. అంటే చలికి ఈవీలు పనికిరావా? అలాగైతే నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం ఈవీలే ఎందుకు ఉంటాయి? తేడా ఎక్కడుందో చూద్దాం.

బ్యాటరీలో ఏం జరుగుతుంది?

లిథియం అయాన్ బ్యాటరీలో కరెంటు పుట్టాలంటే అయాన్లు ఒక ఎలక్ట్రోడ్ నుంచి మరోదానికి ద్రవం గుండా ప్రయాణించాలి. చలికి ఆ ప్రయాణం మందగిస్తుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. బ్యాటరీలో ఉన్న శక్తి ఎక్కడికీ పోదు. కానీ అంతా బయటికి రాదు.

దీనికి హీటర్ తోడవుతుంది. పెట్రోల్ కారులో ఇంజిన్ వేడి ఎలాగూ వృథాగా పోయేదే కాబట్టి, దాన్నే క్యాబిన్‌లోకి పంపిస్తారు. ఈవీ మోటారులో అలా వృథా అయ్యే వేడి చాలా తక్కువ. అందుకే క్యాబిన్ వెచ్చబడాలంటే బ్యాటరీ నుంచే కరెంటు తీయాలి.

రేంజ్ ఎంత తగ్గుతుంది?

అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2019లో ఐదు ఈవీలను పరీక్షించింది. మైనస్ 7 డిగ్రీల దగ్గర హీటర్ వేయకపోతే రేంజ్ సగటున 12 శాతం, వేస్తే 41 శాతం తగ్గింది. అంటే చలి కంటే హీటరే ఎక్కువ తింటోంది. హీట్ పంప్ ఉన్న మోడళ్లలో ఈ నష్టం కొంత తక్కువగా ఉంటుంది.

లెక్క వేసి చూడండి. మామూలు రోజుల్లో ఫుల్ చార్జ్‌కు 300 కిలోమీటర్లు వచ్చే కారు 41 శాతం తగ్గితే 177 ఇస్తుంది. దారిలో 80 శాతం దాకా చార్జ్ చేసుకుని, 20 శాతం ఉండగా ఆపాలనుకుంటే చేతిలో ఉన్నది 106 కిలోమీటర్లే. గడ్డకట్టే చలిలో లాంగ్ డ్రైవ్ ప్లాన్ చేసేటప్పుడు ఈ అంకెనే లెక్కలోకి తీసుకోండి.

చార్జింగ్ ఎందుకు నెమ్మది?

బాగా చల్లబడిన బ్యాటరీలోకి వేగంగా కరెంటు పంపితే లిథియం లోపలికి ఇంకకుండా ఎలక్ట్రోడ్ మీదే లోహంగా పేరుకుంటుంది. అది బ్యాటరీకి శాశ్వత నష్టం. అలా జరక్కుండా కారులోని వ్యవస్థే కరెంటును తగ్గించేస్తుంది. కాబట్టి ఎంత పవర్‌ఫుల్ చార్జర్ పెట్టినా, బ్యాటరీ వెచ్చబడే దాకా ఆగాల్సిందే.

మీరేం చేయాలి?

- బయలుదేరే ముందు, ప్లగ్ తీయకుండానే యాప్ నుంచి క్యాబిన్‌ను, వీలుంటే బ్యాటరీని కూడా వెచ్చబెట్టండి. ఆ కరెంటు బ్యాటరీ నుంచి కాక ఇంటి లైన్ నుంచి వస్తుంది.
- ఫాస్ట్ చార్జర్‌కు వెళ్తుంటే కారు నావిగేషన్‌లోనే దాన్ని గమ్యంగా పెట్టండి. చాలా మోడళ్లు దారిలోనే బ్యాటరీని వేడి చేసుకుంటాయి.
- కారు ఆపగానే, బ్యాటరీ ఇంకా వెచ్చగా ఉండగానే చార్జింగ్ పెట్టండి. తెల్లారి చూసుకుందామనుకోవద్దు.
- హీటర్ తగ్గించి సీట్ హీటర్ వాడండి. హీటర్ కిలోవాట్లలో కరెంటు లాగితే, సీటుకు వంద వాట్ల లోపే సరిపోతుంది.
- టైర్లలో గాలి చూసుకోండి. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పడితే ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది.
- బ్యాటరీ చల్లగా ఉంటే రీజెన్ బ్రేకింగ్ సరిగా పట్టదు. యాక్సిలరేటర్ వదిలితే చాలు ఆగుతుందనుకోకండి, బ్రేక్ మీద కాలు ఉంచండి.

మంచులో ట్రాఫిక్ ఆగిపోతే భయపడొద్దు. 60 యూనిట్ల బ్యాటరీలో సగం మిగిలి ఉండి, హీటర్ గంటకు 2 యూనిట్లు వాడినా 15 గంటలు వస్తుంది. పెట్రోల్ కారులోలా పొగగొట్టం మంచుతో మూసుకుపోయి విషవాయువు లోపలికొచ్చే ప్రమాదం కూడా ఉండదు.

మన దగ్గర ఇది సమస్యేనా?

హైదరాబాద్, విజయవాడల్లో పెద్దగా తేడా తెలియదు. డిసెంబరు, జనవరిల్లో లంబసింగి, అరకు వెళ్లేవాళ్లు మాత్రం జాగ్రత్తపడాలి. అక్కడి చలికి ఘాట్ ఎక్కడం తోడవుతుంది. దిగేటప్పుడు కొంత చార్జ్ తిరిగొస్తుంది కానీ ఎక్కడానికి ఖర్చయినంతా రాదు. మైదానంలో ఉండగానే చార్జ్ నింపుకోండి. దారిలోని చార్జర్ల కోసం కేంద్ర ప్రభుత్వ ‘ఈవీ యాత్ర’ యాప్ చూడండి. అది పనిచేస్తోందో లేదో బయలుదేరే ముందే కనుక్కోండి. లద్దాఖ్, మనాలీ వైపు వెళ్తే పై జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి. మన దగ్గర అమ్ముడవుతున్న చాలా ఈవీల్లో ఉండే ఎల్‌ఎఫ్‌పీ రకం బ్యాటరీకి చలి ఇంకాస్త ఎక్కువ తగులుతుంది.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. చలికి తగ్గిన రేంజ్ ఎండ రాగానే తిరిగొస్తుంది. బ్యాటరీ ఆయుష్షును నిజంగా తగ్గించేది వేడి. కాబట్టి మన కారుకు జనవరి కన్నా మే నెలలోనే నీడ ఎక్కువ అవసరం.