అమెరికా తోటల్లో గొల్లభామ

ముందుకాళ్లు జోడించి దండం పెడుతున్నట్టు కనిపించే వేట పురుగు గొల్లభామ. మందులు చల్లకుండానే పెరటి మొక్కల చీడలను అదుపు చేస్తుందని అమెరికాలో దీనికి వందేళ్లకు పైబడిన పేరుంది. తోటలో తనంతట తాను బతికే గొల్లభామ వల్ల కొంత మేలు జరిగే మాట నిజమే. దాన్ని కొనితెచ్చి వదిలితే చీడ వదులుతుందన్న నమ్మకానికి మాత్రం బలమైన ఆధారం లేదు.

కరోలినా గొల్లభామ అమెరికా సొంత జాతి. 1988లో దక్షిణ కరోలినా దాన్ని రాష్ట్ర కీటకంగా ఎంచుకుంది. పెరళ్లలో తరచూ కంటపడే పెద్ద జాతులు వలస వచ్చినవి. చైనా గొల్లభామ 1896 ప్రాంతంలో ఫిలడెల్ఫియాలో కనిపించింది. నర్సరీ మొక్కలతో పాటు దాని గుడ్లు వచ్చి ఉంటాయని భావిస్తారు. ఐరోపా గొల్లభామ 1899లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ దగ్గర దొరికింది. మరుసటి ఏడే కార్నెల్ విశ్వవిద్యాలయ కీటక శాస్త్రవేత్త మార్క్ వెర్నన్ స్లింగర్లాండ్ దానిపై బులెటిన్ ప్రచురించి, శీర్షికలోనే దాన్ని మేలుచేసే కొత్త పురుగుగా పరిచయం చేశాడు. 1977లో కనెక్టికట్ ఆ పరదేశినే రాష్ట్ర కీటకంగా స్వీకరించింది. కాలక్రమంలో చైనా జాతి గుడ్ల తిత్తులు తోట సామగ్రి దుకాణాల్లో సరుకయ్యాయి.

ఈ ఆదరణ వెనుక అప్పటికే కళ్లెదుట ఉన్న ఒక విజయాన్ని గుర్తుంచుకోవాలి. దూదిలాంటి తెల్లని పొలుసు పురుగు కాలిఫోర్నియా నారింజ తోటలను నాశనం చేస్తుంటే, 1888లో ఆల్బర్ట్ కోబెలే ఆస్ట్రేలియా నుంచి వెడాలియా అనే అక్షింతల పురుగును పంపించాడు. రెండేళ్లలోనే తోటలు కోలుకున్నాయి. అయితే వెడాలియా తిండి దాదాపుగా ఆ పొలుసు పురుగే. పైగా అది చీడతో సమానంగా తరం వెంట తరం పెరుగుతుంది. గొల్లభామకు ఈ రెండు గుణాలూ లేవు. ఏడాదికి దానిది ఒకే తరం. పేనుబంక వారం పది రోజుల్లోనే కొత్త తరాన్ని కంటుంది. ఒక్క తిత్తి నుంచి వందకు పైగా పిల్లలు రావచ్చు కానీ, అవి చెల్లాచెదురై, ఒకదాన్నొకటి తిని, పెద్దయ్యేసరికి కొన్నే మిగులుతాయి. ఆ మిగిలినవీ చీడను ఏరుకుని తినవు. తేనెటీగ, సీతాకోకచిలుక, సాలీడు, ఏది చేతికందితే అదే ఆహారం. చైనా గొల్లభామ మోనార్క్ సీతాకోకచిలుక గొంగళిని పట్టినప్పుడు పేగులు తీసి పారేసి, మిగతా ఒళ్లంతా తింటుందని 2013లో పరిశోధకులు నమోదు చేశారు. గొల్లభామలు పక్షులను పట్టిన ఘటనలను 2017లో ఒక సమీక్ష ప్రపంచమంతటా 147 లెక్కించింది. వాటిలో అధికభాగం అమెరికావే, బలైనవి ఎక్కువగా హమ్మింగ్‌బర్డ్‌లు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరమే ఉంది. 1996లో మోరన్, రూనీ, హర్డ్ అనే శాస్త్రవేత్తలు బీడు పొలంలో చేసిన ప్రయోగంలో, చైనా గొల్లభామలున్న చోట ఆకుతినే పురుగులు తగ్గి మొక్కలు ఏపుగా పెరిగాయి. ఈ ఫలితాన్ని తోసిపుచ్చలేం. కానీ అది రకరకాల పురుగులున్న బీడులో మొత్తం మీద కనిపించిన మార్పు. అక్కడ కూడా సాలీళ్లు గొల్లభామలకు జడిసి తరలిపోయాయి. అంటే ఒక మిత్ర పురుగు మరో మిత్ర పురుగును వెళ్లగొట్టింది. పెరటి మనిషికి కావలసింది ఫలానా మొక్క మీది ఫలానా చీడ, సరైన వేళకు తగ్గడం. ఆ హామీ గొల్లభామ ఇవ్వలేదు.

కాబట్టి గొల్లభామను చంపనక్కర్లేదు, కొననూ అక్కర్లేదు. శీతకాలంలో కొమ్మల మీద సన్నగా, పొడవుగా, చదునుగా అంటుకుని ఉండే తిత్తి కరోలినా జాతిది, దాన్ని కదపకుండా ఉంచాలి. ఉబ్బిన నురగముద్దలా, అక్రోటుకాయంత ఉండేది చైనా జాతిది. గుమ్మడి, దోస పెంచే అమెరికా తెలుగువారు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: ఆ పూలు కాయ పట్టాలంటే తేనెటీగలు రావాలి, గొల్లభామ వాటినీ తింటుంది. మందులు మానేసి, రకరకాల పూలు పెంచితే మిత్ర పురుగులన్నీ వాటంతట అవే చేరతాయి, వాటితోపాటు గొల్లభామ కూడా.